ప్లగ్-ఇన్ హైబ్రిడ్ జీప్‌లో ఇంకా ఏమేం ఉండాలి? బ్యాటరీ ఎప్పుడు వాడాలో డ్రైవర్‌ని చెప్పనివ్వడం అన్నిటికంటే ముందు

ప్రశ్న ఇది. ఫీనిక్స్‌లో ఉంటున్న ఒక మిత్రుడు సెకండ్‌హ్యాండ్‌లో జీప్ రాంగ్లర్ 4ఎక్స్ఈ (పెట్రోల్‌తోనూ, ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే బ్యాటరీతోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్) చూస్తున్నారు, వారాంతాల్లో సెడోనా వైపు ట్రెయిల్స్‌కి (రాళ్ళు, మట్టి నిండిన కొండదారులకి) వెళ్ళాలని, వీలైతే వేసవిలో కొలరాడో కొండలకి రావాలని ఆయన ఆలోచన. "ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఈ బండిలో ఇంకా ఏం ఉంటే బాగుండు అంటున్నారు, అందులో నిజంగా పనికొచ్చేవి ఏవి, లేకపోయినా నడిచిపోయేవి ఏవి" అని అడిగారు. ఆయనకే చెప్తున్నట్టు రాస్తున్నాను.

నేను డెన్వర్ దగ్గర ఉంటాను, హైబ్రిడ్ బండ్ల కంట్రోల్ సాఫ్ట్‌వేర్ నా ఉద్యోగం (జీప్ కంపెనీలో కాదు), సొంతానికి 4ఎక్స్ఈ వాడుతున్నాను. ఓనర్లు నలుగురు కలిస్తే కోరికల చిట్టా చాలా పొడుగ్గా ఉంటుంది, కెమెరాలు, స్పీకర్లు, సీటు వెంటిలేషన్, ఫోన్ యాప్‌లో రంగులు, అలా ఎన్నో. నా మటుకు నాకు వాటిలో చాలావాటి మీద ఆసక్తి లేదు. ఈ బండికి కావాల్సినవాటిలో సగానికి పైగా ఒక్క బోల్టు కూడా కొత్తగా బిగించక్కర్లేకుండా ఇవ్వగలిగినవే. బ్యాటరీలో ఉన్న కరెంటు ఎప్పుడు ఖర్చు పెట్టాలో, ఇంజన్ ఎప్పుడు మేల్కోవాలో డ్రైవర్‌ని చెప్పనివ్వడం, ఇంజన్ తనంతట తను ఆన్ అయితే ఎందుకు అయిందో డ్రైవర్‌కి చెప్పడం. నేను చెప్పబోయేవాటిలో ఎక్కువ భాగం ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు బండి గురించి క్లుప్తంగా, తెలియనివాళ్ళ కోసం. 2021 మోడల్‌గా వచ్చింది. ముందు 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, దానికి ఆల్టర్నేటర్ ఉండాల్సిన చోట బెల్టుతో తిరిగే ఒక చిన్న మోటార్, ఇంజన్‌కీ 8 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించే భాగం) స్థానంలో 134 హార్స్‌పవర్ పెద్ద మోటార్. అన్నీ కలిసి 375 హార్స్‌పవర్. వెనక సీటు కింద 17.3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, అంటే మన ఇంటి కరెంటు బిల్లు లెక్కలో 17.3 యూనిట్లు. దానితో అధికారిక లెక్క ప్రకారం 21, 22 మైళ్ళు పెట్రోల్ లేకుండా వెళ్తుంది. మోటార్ గేర్‌బాక్స్‌కి ముందే ఉండటం వల్ల ఫోర్ లో గేర్‌లో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే లో రేంజ్‌లో) కూడా పూర్తిగా కరెంటు మీదే బండి నడుస్తుంది, ముందు వెనక చక్రాలకి బలం పంచే పాత పద్ధతి ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు గట్టి యాక్సిళ్ళు, రూబికాన్ అనే రకం అయితే లాకర్లు (రెండు పక్కల చక్రాలనీ కలిపి ఒకే వేగంతో తిప్పేవి), అన్నీ అలాగే ఉన్నాయి. ఈ అమరికే దీని గొప్పతనం. రాళ్ళ మీద నిశ్శబ్దంగా, అంగుళం అంగుళం లెక్కన పాకించగలగడం ఒకసారి అలవాటైతే మామూలు పెట్రోల్ రాంగ్లర్‌కి తిరిగి వెళ్ళడం కష్టం. అందుకే ఆ కరెంటుని ట్రెయిల్ దాకా దాచుకోవడం ఇంత ముఖ్యం అంటున్నాను.

ఇప్పుడు ఉన్న పద్ధతి చూడండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్, ఈసేవ్ అని మూడు బటన్లు. బండి ఆపి మళ్ళీ స్టార్ట్ చేసిన ప్రతిసారీ హైబ్రిడ్‌లోకి వచ్చేస్తుంది, హైబ్రిడ్‌లో అది ముందు బ్యాటరీనే ఖాళీ చేస్తుంది. మీరు ఫీనిక్స్‌లో ఇంటి దగ్గర నిండుగా ఛార్జ్ చేసి సెడోనా వైపు వెళ్ళే ఐ-17 హైవే ఎక్కారనుకోండి, బటన్ నొక్కడం మర్చిపోతే ఆంథెమ్ ఊరు దాటేసరికి బ్యాటరీ అడుగంటుతుంది, ఆ తర్వాత సన్‌సెట్ పాయింట్ వైపు ఉన్న పెద్ద ఎత్తంతా ఇంజన్ ఒక్కటే బరువైన బండిని లాగాలి, సెడోనాలో బ్రోకెన్ యారో ట్రెయిల్ మొదట్లో నిలబడేసరికి కరెంటు ఉండదు. ఎక్కడ అవసరమో అక్కడ లేకుండా, ఎక్కడ అక్కర్లేదో అక్కడ ఖర్చయిపోయింది. ఈసేవ్ నొక్కితే ఉన్న ఛార్జ్ ఉన్నట్టు నిలుస్తుంది, అది మంచిదే, కానీ దారిలో కాఫీకి ఆగినా, పెట్రోల్‌కి ఆగినా మళ్ళీ నొక్కాలి. కాబట్టి ఓనర్లు అడిగే మొదటి విషయం చాలా చిన్నది, నేను కిందటిసారి ఏ మోడ్‌లో వదిలానో అదే మోడ్‌లో స్టార్ట్ అవ్వాలి. ఇష్టంలేనివాళ్ళు సెట్టింగ్స్‌లో ఆపేసుకోవచ్చు.

దానికి తర్వాతి మెట్టు, ఎంత ఛార్జ్ దాచాలో అంకె చెప్పగలగడం. ఈసేవ్‌లో రెండు రకాలున్నాయి, ఉన్నదాన్ని కాపాడటం ఒకటి, ఇంజన్‌తో ఛార్జ్ ఎక్కించడం ఇంకోటి, ఏది కావాలో స్క్రీన్‌లో లోపలికి వెళ్ళి మార్చుకోవాలి. అలా కాకుండా "ట్రెయిల్ దగ్గరికి 70 శాతంతో చేరాలి" అని నేను చెప్తే మిగతాది బండి చూసుకోవాలి. నావిగేషన్‌లో గమ్యం ఉంది, దారిలో ఎత్తుపల్లాలు మ్యాప్‌లో ఉన్నాయి, ఎక్కడ ఇంజన్ వాడాలో, ఎక్కడ దిగుడులో వచ్చే కరెంటు పట్టుకోవాలో లెక్క వేయడం పెద్ద కష్టమేమీ కాదు. హైవే మీద ఇంజన్ నిలకడగా తిరుగుతున్నప్పుడు కొంచెం అదనపు బరువు మోపి ఛార్జ్ చేయడం, ట్రెయిల్ మొదట్లో బండి నిలబెట్టి ఇంజన్ రొదతో ఛార్జ్ చేయడం కంటే ఎన్నో రెట్లు నయం. రెండో పని చేసేవాళ్ళని చూస్తుంటాను, పక్కన టెంట్లలో ఉన్నవాళ్ళు పడే ఇబ్బంది సంగతి అలా ఉంచితే, పెట్రోల్ కూడా దండగే. 2021లో జీప్ వాళ్ళు ఎలక్ట్రిఫై అమెరికాతో కలిసి మోయాబ్, బిగ్ బేర్, రూబికాన్ ట్రెయిల్ లాంటి చోట్ల ట్రెయిల్ మొదట్లోనే ఛార్జర్లు పెట్టడం మొదలుపెట్టారు, ఆలోచన మంచిదే, కానీ మనం వెళ్ళే దారుల్లో నూటికి తొంభై చోట్ల అలాంటివి ఉండవు కాబట్టి ఇంటి నుంచి తెచ్చుకున్న కరెంటే దిక్కు.

ఇంజన్ మేల్కోవడం గురించి. ఎలక్ట్రిక్ మోడ్‌లో ఉన్నా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్ ఆన్ అవుతుంది. రోడ్డు మీద అది అవసరం, ట్రక్కుని దాటుతున్నప్పుడు పవర్ కావాలి. కానీ రాతి మెట్టు మీద ముందు టైరు ఎక్కి, వెనక టైరు ఎక్కబోతున్న క్షణంలో కాలు కాస్త బలంగా పడితే, మోటార్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉన్న క్లచ్ పట్టుకుని ఇంజన్ లేచేటప్పుడు ఒక చిన్న కుదుపు వస్తుంది. ఒక పక్క లోయ ఉన్నప్పుడు ఆ కుదుపు చిన్నదిగా అనిపించదు. ఫోర్ లోలో ఉన్నంతసేపూ నేను అనుమతి ఇస్తే తప్ప ఇంజన్ రాకూడదు అనే లాక్ ఒకటి కావాలి. పెడల్ చివరిదాకా వెళ్ళి ఒక గట్టి పట్టుని దాటి నొక్కితేనే ఇంజన్ రావాలి, కొన్ని బండ్లలో గేరు తగ్గించడానికి పెడల్ అడుగున అలాంటి పట్టు ఉంటుంది. బ్యాటరీ మరీ తగ్గినా, మోటార్ వేడెక్కినా మినహాయింపు ఉండాలి, ఒప్పుకుంటాను, కానీ అప్పుడు కూడా పది సెకన్ల ముందే "ఇంజన్ రాబోతోంది, బండిని కుదురుగా ఆపుకో" అని తెరమీద చెప్పాలి. నాకు ఒకే ఒక్క ఫీచర్ ఇస్తాం ఎంచుకో అంటే ఇదే ఎంచుకుంటాను.

అలాగే ఒంటి పెడల్ డ్రైవింగ్. మ్యాక్స్ రీజెన్ అని బటన్ ఉంది (రీజెన్ అంటే బండి నెమ్మదిస్తున్నప్పుడు మోటారే కరెంటు చేసి బ్యాటరీలోకి పంపడం), కాలు తీస్తే బండి బాగానే నెమ్మదిస్తుంది. రాళ్ళ మీద కావాల్సింది ఇంకొంచెం, కాలు తీస్తే పూర్తిగా ఆగాలి, వాలులో అయినా అక్కడే నిలబడాలి, తొక్కితే జారకుండా కదలాలి. ఎడమ కాలు బ్రేక్ మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి పాకించే విద్య కొత్తవాళ్ళకి రావడానికి చాలా టైం పడుతుంది, మోటార్ ఉన్న బండిలో ఆ బాధ అక్కర్లేదు.

అందరూ ఫిర్యాదు చేసేది ఫ్యూయల్ అండ్ ఆయిల్ రిఫ్రెష్ మోడ్ గురించి. నిండా ఛార్జ్ ఉంటుంది, ఆఫీసు అయిదు మైళ్ళే, అయినా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, తెర మీద రిఫ్రెష్ జరుగుతోంది అని మెసేజ్. దీన్ని లోపం అనుకుని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తేవాళ్ళు చాలామంది. కారణం ఉంది. ఇంజన్ రెండు నిమిషాలు తిరిగి ఆగిపోతూ ఉంటే ఆయిల్ ఎప్పుడూ సరిగ్గా వేడెక్కదు, సిలిండర్ గోడల మీద మిగిలిన పెట్రోల్ రింగుల పక్క నుంచి ఆయిల్‌లోకి దిగుతుంది, దానికి తోడు తేమ చేరుతుంది, ఆయిల్ పలచబడి బేరింగులని కాపాడలేని స్థితికి వస్తుంది. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే టర్బో ఇంజన్లలో ఇది ఇంకా ఎక్కువ. ఆయిల్‌ని బాగా కాచి ఆ పెట్రోల్, తేమ ఆవిరై పోయేదాకా ఇంజన్‌ని ఆన్‌లో ఉంచడమే ఈ మోడ్ పని, లేదంటే ఆయిల్ మార్చాలి. నెలల తరబడి ట్యాంకులో అలాగే ఉండి పాడయ్యే పెట్రోల్ కోసం కూడా ఇదే మోడ్. కాబట్టి దీన్ని తీసేయమని అడగడం తెలివితక్కువ, ఇంజన్ పాడవుతుంది. అడగాల్సింది వేరు. "ఇంకా రెండు వారాల్లో రిఫ్రెష్ అవసరం పడుతుంది" అని ముందే చెప్పాలి, మొదలయ్యాక ఎంత అయింది, ఇంకా ఎంతసేపు హైవే మీద నడిపితే పూర్తవుతుంది అని శాతం చూపాలి, "శనివారం ఎలాగూ వంద మైళ్ళు వెళ్తున్నాను, అప్పటిదాకా ఆపు" అనే అవకాశం ఇవ్వాలి. ఈ లెక్కంతా కంప్యూటర్ లోపల ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది, ఓనర్‌కి చూపించట్లేదు అంతే. ఈలోగా మీరు చేయగలిగింది, రెండు మూడు వారాలకి ఒకసారి కావాలనే ఈసేవ్‌లో పెట్టి హైవే మీద ముప్పావు గంట నడపండి, ఆ మోడ్ మీ జోలికి రావడం బాగా తగ్గుతుంది.

కొండ దిగడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే దీని గురించి ఓనర్లలో కూడా తక్కువమంది ఆలోచిస్తారు. మనుషులు, సామాను కలిపి బండి 2,500 కిలోలు అనుకోండి. నిలువునా 1,000 మీటర్లు దిగితే దానిలోంచి వచ్చే శక్తి దాదాపు 6.8 యూనిట్లు. టైర్లు, గాలి, మోటార్ నష్టాలు పోను సగం తిరిగి వచ్చినా మూడు యూనిట్ల పైనే, అంటే బ్యాటరీలో అయిదో వంతు. కొలరాడోలో పైక్స్ పీక్ శిఖరం మీద నుంచి దిగేటప్పుడు గ్లెన్ కోవ్ దగ్గర రేంజర్లు బండి ఆపి బ్రేకుల వేడి చూస్తారు, ఎక్కువ వేడెక్కితే పక్కన ఆపి చల్లారనివ్వమంటారు. 14,115 అడుగుల శిఖరం నుంచి దిగేవాడికి ఆ బ్యాటరీ ఒక అదనపు బ్రేకు, అందులో ఖాళీ ఉంటేనే. నిండుగా ఉన్న బ్యాటరీలోకి కరెంటు పోయే దారి లేదు, అప్పుడు రీజెన్ తగ్గిపోతుంది, మామూలు బ్రేకులూ గేర్లే గతి. కొండ మీద ఇల్లు లేదా క్యాబిన్ ఉన్నవాళ్ళకి ఇది రోజూ ఎదురయ్యేదే, రాత్రంతా నిండా ఛార్జ్ చేసి పొద్దున్నే దిగుడులో మొదలుపెడతారు. అందుకే ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపేలా లిమిట్ పెట్టుకునే సౌకర్యం కావాలి. ఎన్నో ఎలక్ట్రిక్ కార్లలో ఏళ్ళ నుంచి ఉన్న మామూలు సెట్టింగ్ అది. బ్యాటరీ ఆయుష్షుకీ మంచిది, మీ ఫీనిక్స్ ఎండల్లో అయితే మరీను, నిండుగా ఛార్జ్ అయిన లిథియం బ్యాటరీ 45 డిగ్రీల వేడిలో రోజంతా కూర్చోవడం దానికి ఏమాత్రం మంచిది కాదు.

చలి సంగతి మీకు పెద్దగా అక్కర్లేదు, మాకు కావాలి. గడ్డకట్టే చలిలో ఇంజన్ తనంతట తను వచ్చేస్తుంది. ప్లగ్‌లో ఉండగానే గోడ కరెంటుతో క్యాబిన్‌నీ బ్యాటరీనీ వేడి చేసి ఉంచేలా రోజువారీ టైం టేబుల్ ఇంకా నమ్మకంగా పనిచేయాలి.

ఇక క్యాంపింగ్ దగ్గర కరెంటు. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. 17 యూనిట్ల బ్యాటరీ మోసుకెళ్ళే బండి వెనక రెండు మామూలు ప్లగ్ సాకెట్లు ఫ్యాక్టరీ నుంచే రావాలి, ఒక్కొక్కటి 1.8 కిలోవాట్లు ఇచ్చేలా. 2024 మోడల్‌తో పవర్ బాక్స్ అని ఒక యాక్సెసరీ తెచ్చారు, ఛార్జింగ్ పోర్ట్‌కి తగిలిస్తే 120 వోల్టుల సాకెట్లు వస్తాయి. అంటే బండికి ఆ సత్తా ఉందని వాళ్ళే ఒప్పుకున్నట్టు, మరి అది విడిగా కొనే పెట్టె కాకుండా బండిలోనే ఉండాలి. లెక్క చూడండి. నలుగురికి రైస్ కుక్కర్‌లో అన్నం పావు యూనిట్, ఇండక్షన్ స్టవ్ మీద పప్పు, ఒక వేపుడు కలిపి ఒక యూనిట్, పొద్దున టీ, ఉప్మా ఇంకో అర యూనిట్. రాత్రంతా చిన్న ఫ్రిజ్ నడిచినా అర యూనిట్‌కి మించదు. అన్నీ కలిపి బ్యాటరీలో పదో వంతు కొంచెం పైన. వేసవిలో ఇక్కడి అడవుల్లో మంటలు పెట్టకూడదని నిషేధాలు వస్తూనే ఉంటాయి, అప్పుడు పిల్లలతో వెళ్ళిన కుటుంబానికి వేడి అన్నం దొరకడం ఎంత తేడానో అనుభవిస్తే తెలుస్తుంది. సాకెట్లతో పాటు "40 శాతం కంటే కిందకి వాడనివ్వకు" అనే హద్దు కూడా ఉండాలి, పొద్దున్నే ట్రెయిల్‌కి కరెంటు మిగలాలి కదా. ఫోర్డ్ రేంజర్ ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో బ్యాటరీ దీనికంటే చిన్నది, 11.8 యూనిట్లే, అయినా 6.9 కిలోవాట్ల సాకెట్ల సౌకర్యం ఇచ్చారు.

12 వోల్టుల బ్యాటరీ గురించి ఎవరూ ముందు ఆలోచించరు, అది చచ్చిన రోజు అందరూ ఆలోచిస్తారు. సీటు కింద అంత పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా సరే, చిన్న బ్యాటరీ డౌన్ అయితే బండి మేల్కోదు, ఎందుకంటే పెద్ద బ్యాటరీని కలిపే రిలేలు (స్విచ్చులు) పనిచేయడానికి 12 వోల్టులే కావాలి. ఊళ్ళో అయితే పక్కింటివాళ్ళ కారుతో జంప్ స్టార్ట్, ఫోన్ సిగ్నల్ లేని లోయలో అయితే? పెద్ద బ్యాటరీ నుంచి చిన్న బ్యాటరీకి కాస్త కరెంటు పోసే ఒక అత్యవసర బటన్ కావాలి. చిన్న బ్యాటరీ మరీ కిందకి పడిపోకముందే దాన్ని విడదీసి, బటన్ నొక్కితే మళ్ళీ కలిపే పద్ధతి కియా, హ్యుందాయ్ హైబ్రిడ్లలో కొన్నింటిలో ఇప్పటికే ఉంది. దీనికి తోడు విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే కరెంటు యంత్రం) ఉన్నవాళ్ళ సమస్య, బురదలో దిగబడిన బండిని లాగేటప్పుడు విన్చ్ 400 ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే అయిదు కిలోవాట్లకి దగ్గర. ఆల్టర్నేటర్ లేని ఈ బండిలో అదంతా చిన్న బ్యాటరీ, దానికి కరెంటు అందించే కన్వర్టర్ మీదే పడుతుంది. విన్చ్ వాడుతున్నప్పుడు ఎంత లాగుతోంది, ఎంత వెనక్కి వస్తోంది అని తెర మీద చూపిస్తే చాలు, ఎప్పుడు ఆపాలో మనకే తెలుస్తుంది.

వస్తువుల రూపంలో అడిగేవాటిలో నేను బలపరిచేవి తక్కువే. పెట్రోల్ ట్యాంకు 17.2 గ్యాలన్లు, అదే నాలుగు డోర్ల పెట్రోల్ రాంగ్లర్‌కి 21.5. ఈ తేడా యూటాలోని కేన్యన్‌ల్యాండ్స్‌లో వైట్ రిమ్ రోడ్ లాంటి చోట తెలుస్తుంది, వంద మైళ్ళ దారి, మధ్యలో బంకు లేదు, తాగడానికి నీళ్ళు కూడా దొరకవు. బ్యాటరీ అయిపోయాక ఈ బండి మైలేజీ అధికారిక లెక్కలోనే గ్యాలన్‌కి 20 మైళ్ళు, ఫోర్ లోలో ఇంకా పడిపోతుంది. రెండు గ్యాలన్లు పెరిగినా ధైర్యం వేరు. ఛార్జింగ్ పోర్ట్ మూత ముందు ఎడమ పక్కన బురద చిమ్మే చోటే ఉంది, దానికి మంచి రబ్బరు సీలు, లోపల ఒక చిన్న లైటు ఉండాలి. కేబుల్ పెట్టుకోవడానికి ఒక నిర్దిష్టమైన చోటు కావాలి, డోర్లు, పైకప్పు ఊడదీసి తిరిగే బండిలో ఖరీదైన కేబుల్ వెనక అలా పడి ఉండటం బాగోదు.

ఫాస్ట్ ఛార్జింగ్ కావాలని చాలామంది అడుగుతారు, దీనితో నేను ఏకీభవించను, కనీసం ఈ సైజు బ్యాటరీకి. 7.2 కిలోవాట్ల ఛార్జర్‌తో రెండున్నర గంటల్లో నిండుతుంది, దారి మధ్యలో ఇరవై మైళ్ళ కోసం ఫాస్ట్ ఛార్జర్ దగ్గర క్యూలో నిలబడి, పూర్తి ఎలక్ట్రిక్ కార్లవాళ్ళని ఆపడం న్యాయం కూడా కాదు, మన బండిలో పెట్రోల్ ఉంది. బ్యాటరీ పెద్దదైతే మాట వేరు. ఆస్ట్రేలియాలో అమ్ముతున్న బీవైడీ షార్క్ 6 అనే చైనా పికప్‌లో 29.58 యూనిట్లు, ఫాస్ట్ ఛార్జింగ్ 55 కిలోవాట్లు, కానీ దానికి లో రేంజ్ గేర్లు లేవు, ముందు వెనక చక్రాలకి మధ్య ఇనుప షాఫ్ట్ లేదు. ఇంకో చైనా బండి జీడబ్ల్యూఎం ట్యాంక్ 300 హై4-టిలో 37.1 యూనిట్లు పెట్టి, లో రేంజ్, లాకర్లు కూడా ఉంచారు, అయితే బరువు బాగా పెరిగింది. మెత్తటి ఇసుకలో, బురదలో ప్రతి వంద కిలోలూ తెలుస్తాయి. నా లెక్కలో రాంగ్లర్‌కి 25 యూనిట్లు సరిపోతాయి, ముప్పై దాటితే ఆఫ్‌రోడ్ బండిగా లాభం కంటే నష్టం ఎక్కువ.

ఇదే బండిని ఇండియాకి తెస్తే బాగుండు అని హైదరాబాద్ మిత్రులు అడుగుతుంటారు. అక్కడ అమ్మేది పెట్రోల్ రాంగ్లర్ ఒక్కటే. పూర్తి ఎలక్ట్రిక్ బండికి జీఎస్‌టీ 5 శాతం, ఈ సైజు హైబ్రిడ్‌కి 2025 సెప్టెంబర్ నుంచి 40 శాతం, ఆ తేడా ఉన్నంతకాలం ఏ కంపెనీ అయినా ప్లగ్-ఇన్ హైబ్రిడ్ తేవడానికి వెనకాడుతుంది.

చివరగా అన్నిటికంటే బరువైన విషయం, ఇది ఫీచర్ అనాలో కనీస హక్కు అనాలో తెలియదు. బ్యాటరీకి మంట అంటుకునే ప్రమాదం వల్ల ఈ బండికి 2023లో ఒకసారి, 2024లో ఒకసారి రీకాల్ (లోపం ఉందని కంపెనీయే బండ్లని వెనక్కి పిలిచి సరిచేయడం) వచ్చింది, 2025 నవంబర్‌లో గ్రాండ్ చెరోకీ 4ఎక్స్ఈతో కలిపి అమెరికాలో దాదాపు 3 లక్షల 20 వేల బండ్లకి మళ్ళీ వచ్చింది. ఛార్జ్ చేయకండి, ఇంటికి దూరంగా బయట పార్క్ చేయండి అని సలహా. అంతకు నెల ముందు, 2025 అక్టోబర్‌లో, సర్వీస్ సెంటర్‌కి వెళ్ళకుండానే నెట్ ద్వారా వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత కొన్ని 4ఎక్స్ఈలు నడుస్తూ నడుస్తూ పవర్ కోల్పోయాయి. సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా ఇది నాకు చాలా బాధ కలిగించింది. డ్రైవ్ పవర్‌తో సంబంధం ఉన్న ఏ అప్‌డేట్ అయినా ఓనర్ "సరే" అంటేనే, బండి ఇంటి దగ్గర ఆగి ఉంటేనే ఎక్కాలి, తేడా వస్తే పాత వెర్షన్‌కి వెళ్ళే దారి ఉండాలి, నేను ట్రిప్‌లో ఉన్నాను అని చెప్తే తిరిగొచ్చేదాకా ఏదీ రాకూడదు. బ్యాటరీ విషయంలో, సెల్స్ మధ్య వోల్టేజీ తేడాలు, ఉష్ణోగ్రతలు ఓనర్‌కి కనిపించాలి, బండి ఆగి ఉన్నప్పుడు కూడా ఏదైనా సెల్ అనుమానంగా ఉంటే ఫోన్‌కి అలారం రావాలి, హారన్ మోగాలి. గ్యారేజీ పై గదిలో పిల్లలు పడుకునే ఇళ్ళున్నాయి, ఈ ఒక్కదాని ముందు నేను పైన రాసినవన్నీ తర్వాతివే.

2026 మోడల్ నుంచి ఉత్తర అమెరికాలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు ఆపేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. కాబట్టి ఇనుముతో చేయాల్సిన కోరికలు ఈ బండికి ఇక రావు, వచ్చే బండ్లకి వస్తాయేమో. కానీ మోడ్ గుర్తుంచుకోవడం, ఛార్జ్ లిమిట్, ఫోర్ లోలో ఇంజన్ లాక్, రిఫ్రెష్ శాతం, ఇవి ఇప్పుడు రోడ్డు మీద ఉన్న లక్షల బండ్లకి సాఫ్ట్‌వేర్‌తో ఇవ్వగలిగినవి, ఇంకో పది పదిహేనేళ్ళు తిరగబోయే బండ్లు అవి. నేను ప్రతి సర్వీస్‌కీ ఈ నాలుగూ కాగితం మీద రాసి ఇస్తాను, కస్టమర్ కేర్‌కి పంపుతాను, మిగతా ఓనర్లు కూడా అలాగే చేయాలని నా కోరిక.

మీ కొనుగోలు విషయానికి వస్తే, ధర చూసి తొందరపడకండి. ఆ బండి విన్ నంబర్‌ని (ఛాసిస్ నంబర్) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొట్టి చూడండి, బ్యాటరీ రీకాల్ పెండింగ్ ఉంటే ఆ పని పూర్తయిన కాగితం చేతికి వచ్చేదాకా డబ్బు కట్టకండి, ఎందుకంటే ఛార్జ్ చేసుకోలేని 4ఎక్స్ఈ అంటే చిన్న ట్యాంకు ఉన్న బరువైన పెట్రోల్ రాంగ్లరే. ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో రికార్డు అడగండి, మైళ్ళు తక్కువ తిరిగిన బండి అయితే ఇంకా గట్టిగా అడగండి. టెస్ట్ డ్రైవ్‌లో ఎలక్ట్రిక్ మోడ్ పెట్టి, ఖాళీ చోట ఫోర్ లోలో వేసి నెమ్మదిగా నడిపి చూడండి, ఇంజన్ రాకుండా సాఫీగా కదలాలి. వెనక సీటుకి సరిగ్గా కింద, బండి అడుగున ఉన్న స్కిడ్ ప్లేట్ల (రాళ్ళ దెబ్బల నుంచి కాపాడే రేకుల) మీద లోతైన సొట్టలు ఉన్నాయేమో పడుకుని మరీ చూడండి, ఉంటే వదిలేసి ఇంకో బండి వెతుక్కోండి.